కుందేలు పోయి ఎలుక వచ్చిన కథ: డిస్నీ చరిత్ర మీద తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్నీ గురించి తేదీల పట్టికలు వెతికితే బోలెడు దొరుకుతాయి. ఫలానా ఏడాది ఫలానా సినిమా, ఫలానా ఏడాది ఫలానా పార్కు. నేనూ మొదట్లో అలాగే చదివాను, ఒక్కటీ గుర్తుండలేదు. తర్వాత ప్రతి మలుపు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టాను: బొమ్మ మీద హక్కు ఎవరిది? డబ్బు ఎవరు పెట్టారు? అప్పటి నుంచి ఈ కంపెనీ కథ కాస్త అర్థమవుతోంది. మిత్రులు అడిగినవి, పిల్లలు అడిగినవి, వాదనల్లో తేలినవి అన్నీ ఇక్కడ పెడుతున్నాను. అన్ని ప్రశ్నలకూ ఒకే పొడవు జవాబులు ఉండవు, ముందే చెప్తున్నా.

అసలు కంపెనీ ఎప్పుడు పుట్టింది?

1923 అక్టోబర్ 16న. ఆఫీసు తెరిచి కొబ్బరికాయ కొట్టిన రోజేం కాదది. న్యూయార్క్‌లో కార్టూన్లు పంపిణీ చేసే మార్గరెట్ వింక్లర్‌తో కాంట్రాక్టు కుదిరిన రోజు. అప్పటికి వాల్ట్ డిస్నీకి ఇంకా 22 నిండలేదు. కాన్సాస్ సిటీలో పెట్టిన మొదటి స్టూడియో దివాలా తీసింది. లాస్ ఏంజెలస్‌లో ఉన్న చిన్నాన్న ఇంటికి చేరాడు, ఆయన గ్యారేజీలోనే కొన్నాళ్ళు పని. అన్న రాయ్ అప్పటికే అదే ఊళ్ళో క్షయవ్యాధికి ఆస్పత్రిలో వైద్యం చేయించుకుంటున్నాడు. కాంట్రాక్టు రాగానే వాల్ట్ వెళ్ళి అన్నను మంచం మీంచి లేపి తీసుకొచ్చాడు. పేరు కూడా డిస్నీ బ్రదర్స్ కార్టూన్ స్టూడియో అనే పెట్టారు.

ఆ కాంట్రాక్టు దేనికంటే, కార్టూన్ లోకంలో తిరిగే ఆలిస్ అనే నిజం పాప కథలకు. పాప నిజం మనిషి, చుట్టూ ఉన్నవన్నీ బొమ్మలు.

రాయ్ అంటే ఎవరు? పేరంతా వాల్ట్‌దే కదా!

వాల్ట్ కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మన ఇళ్ళలో ఇలాంటి అన్నదమ్ములు కనిపిస్తూనే ఉంటారు: తమ్ముడు ఊరంతా తిరిగి ఏదో ఒక పెద్ద ఆలోచన పట్టుకొస్తాడు, అన్న తల పట్టుకుని "డబ్బెక్కడిదిరా" అంటాడు, అంటూనే వెళ్ళి అప్పు పుట్టించుకొస్తాడు. 1926లో స్టూడియో పేరులోంచి "బ్రదర్స్" తీసేసి వాల్ట్ డిస్నీ అని మార్చినా పెద్దాయన పేచీ పెట్టలేదు. బ్యాంకులతో మాట్లాడింది, లెక్కలు చూసింది, తమ్ముడు పోయాక అతను మొదలుపెట్టిన పని పూర్తి చేసింది రాయే. ఈ పేజీలో ఆయన పేరు చాలాసార్లు వస్తుంది, రావాలి కూడా.

మిక్కీ మౌస్ కంటే ముందు ఒక కుందేలు ఉండేదంటారు, నిజమేనా?

నిజమే. ఈ కంపెనీ చరిత్రలో ఒక్క సంఘటనే చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

1927లో యూనివర్సల్ కోసం ఓస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో కార్టూన్లు తీశారు. బాగా ఆడాయి. 1928 మొదట్లో వాల్ట్ న్యూయార్క్ వెళ్ళాడు, ఒక్కో కార్టూన్‌కు ఇంకాస్త డబ్బు ఎక్కువ అడుగుదామని. అక్కడ వ్యాపారం చూస్తున్నది మార్గరెట్ వింక్లర్ భర్త చార్లెస్ మింట్జ్. పెంచడం సంగతి అటుంచి తగ్గిస్తానన్నాడు. ఒప్పుకోకపోతే? నీ ఆర్టిస్టులతో ఇప్పటికే మాట్లాడేసుకున్నాను, వాళ్ళు నా దగ్గరే పనిచేస్తారు అన్నాడు. ఇక కుందేలు సంగతంటారా, కాగితాల ప్రకారం దాని మీద హక్కులు యూనివర్సల్‌వి. గీసిన కంపెనీకి ఏమీ లేదు.

మన సినిమా వాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆడిన సినిమాకు నెగటివ్ హక్కులు వేరే వాడి దగ్గర ఉంటే, వందరోజుల షీల్డు తెచ్చి గోడకు తగిలించుకోవడమే మిగులుతుంది.

ఆర్టిస్టుల్లో చాలామంది వెళ్ళిపోయారు. కాన్సాస్ సిటీ నాటి స్నేహితుడు ఉబ్ ఐవర్క్స్ మాత్రం వెళ్ళలేదు. కాంట్రాక్టు ప్రకారం ఇంకా కొన్ని కుందేలు కార్టూన్లు పూర్తి చేసి ఇవ్వాలి కాబట్టి, మిగతావాళ్ళు అటు అవి గీస్తుంటే ఐవర్క్స్ ఇటు ఎవరికీ కనపడకుండా ఒక ఎలుకను గీశాడు. న్యూయార్క్ నుంచి తిరిగొచ్చే రైల్లో వాల్ట్‌కు మిక్కీ తట్టిందనే కథ మీరు వినే ఉంటారు. వాల్ట్ ఆ కథను చాలాసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కొంచెం మార్చి చెప్పాడు. గీసిన చెయ్యి మాత్రం ఐవర్క్స్‌ది. మార్టిమర్ అని పెడదామంటే భార్య లిలియన్ ఆ పేరేం బాగాలేదందట, అలా మిక్కీ అయింది.

అప్పటి నుంచి ఈ కంపెనీ తన బొమ్మను ఇంకొకరి పేరు మీద రాయలేదు.

స్టీమ్‌బోట్ విల్లీ మొదటి మిక్కీ కార్టూన్ కదా? మొదటి సౌండ్ కార్టూన్ కూడా అదే కదా?

రెండూ కాదు. దానికంటే ముందే రెండు మూకీ మిక్కీ కార్టూన్లు తీశారు, కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. శబ్దంతో కార్టూన్లు కూడా వేరేవాళ్ళు అంతకుముందే తీశారు. విల్లీ గొప్పతనం ఏమిటంటే శబ్దం బొమ్మకు అతుక్కుపోయి ఉంటుంది. మిక్కీ కాలితో తాళం వేస్తే దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. దానికోసం ఆర్కెస్ట్రా నడిపే ఆయనకు కనపడేలా ఫిలిం మీదే ఎగిరే బంతి గుర్తు వేసి, దాన్ని చూస్తూ వాయించమన్నారు. మొదటి రికార్డింగ్ చెడిపోయింది. రెండోదానికి డబ్బుల్లేక వాల్ట్ తన కారు అమ్మేశాడు. 1928 నవంబర్ 18న న్యూయార్క్ కాలనీ థియేటర్‌లో వేశారు. కంపెనీ మిక్కీ పుట్టినరోజుగా ఆ తేదీనే చేసుకుంటుంది. మిక్కీకి మొదట్లో గొంతు ఇచ్చింది వాల్టే.

స్నో వైట్ ప్రపంచంలోనే మొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా అని చిన్నప్పుడు జీకే పుస్తకంలో చదివాను...

ఆ పుస్తకం చింపేయండి. అర్జెంటీనాలో క్విరినో క్రిస్టియాని 1917లోనే తీశాడు. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ నల్ల కాగితాన్ని కత్తిరించి నీడ బొమ్మలతో తీసిన సినిమా 1926లో వచ్చింది. మన తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఆవిడ పని వెంటనే నచ్చుతుంది. స్నో వైట్‌ది అమెరికాలో మొదటి స్థానం, సెల్యులాయిడ్ అనే పారదర్శకమైన షీట్ల మీద గీసి రంగులేసిన పూర్తి నిడివి సినిమాల్లో మొదటి స్థానం. అది చాలదా?

1937 డిసెంబర్ 21న లాస్ ఏంజెలస్‌లో విడుదలైంది. 83 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేములు లెక్కేసుకుంటే లక్షా ఇరవై వేల ఫ్రేముల దాకా తేలుతుంది, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా ఎంత చాకిరీనో ఊహించుకోండి. రెండున్నర లక్షల డాలర్లలో అయిపోతుందనుకున్నది 15 లక్షల దగ్గర ఆగింది. హాలీవుడ్‌లో దీనికి "డిస్నీ పిచ్చిపని" అని పేరు పెట్టారు. గంటన్నర సేపు కార్టూన్ ఎవరు చూస్తారు, కళ్ళు పోవూ, అని. మధ్యలో డబ్బు అయిపోతే సగం సగం గీసిన రీళ్ళనే బ్యాంక్ ఆఫ్ అమెరికా ఆయనకు వేసి చూపించి అప్పు తెచ్చారు. ఆ సినిమా మొదటి విడుదలలోనే సుమారు 80 లక్షల డాలర్లు వసూలు చేసింది. 1939లో ఆస్కార్ వాళ్ళు వాల్ట్‌కు ఒక పెద్ద బొమ్మ, పక్కన ఏడు బుల్లి బొమ్మలు ఇచ్చారు. ఆ లాభంతోనే బర్‌బ్యాంక్‌లో 51 ఎకరాల్లో కొత్త స్టూడియో కట్టారు.

మల్టీప్లేన్ కెమెరా అంటే ఏమిటి? అంత గొప్పదా?

రైలు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడండి. పట్టాల పక్క తాటిచెట్లు పరుగెత్తుతాయి, పొలం మెల్లగా కదులుతుంది, దూరంగా ఉన్న కొండ కదిలినట్టే ఉండదు. కాగితం మీద ఒకే నేపథ్యం గీసి జరిపితే చెట్టూ కొండా ఒకే వేగంతో జరుగుతాయి, అందుకే చదునుగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా చెట్లు ఒక గాజు పలక మీద, ఇల్లు ఇంకో పలక మీద, ఆకాశం అన్నిటికంటే కింద గీసి, వాటిని అంతస్తుల్లా దూరం దూరంగా పెట్టి, పైనుంచి కెమెరాతో తీశారు. ఒక్కో పలకను ఒక్కో వేగంతో జరపాలి. ఒక్క ఫ్రేముకు కొన్ని నిమిషాలు పట్టే పని. 1937లోనే వచ్చిన చిన్న సినిమా ఒకదాంట్లో దీన్ని ముందుగా పరీక్షించి, తర్వాత స్నో వైట్‌లో వాడారు. ఇప్పుడు ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌లో లేయర్లు అంటున్నామే, అదే ఇది.

అంత మంచి స్టూడియోలో 1941లో సమ్మె ఎందుకు జరిగింది?

కంపెనీ చెప్పుకునే చరిత్రలో ఈ ముక్క చాలా చిన్నగా ఉంటుంది, అందుకని ఇక్కడ కొంచెం పెద్దగా రాస్తాను.

1940లో రెండు ఖరీదైన సినిమాలు వచ్చాయి, రెండూ పెట్టిన డబ్బు తేలేదు. యూరప్‌లో యుద్ధం, అక్కడి థియేటర్ల వసూళ్ళు పోయాయి. కొత్త స్టూడియో అప్పు ఉండనే ఉంది. కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మింది ఆ ఏడాదే. లోపల మాత్రం పేరున్న యానిమేటర్‌కు వారానికి వందల డాలర్లు వస్తుంటే, రంగులద్దే అమ్మాయిలకూ రెండు భంగిమల మధ్య వచ్చే బొమ్మలు గీసే కుర్రాళ్ళకూ దాంట్లో చిన్న ముక్క. జీతాలకు ఒక పద్ధతి లేదు, తెర మీద పేర్లు సరిగ్గా పడవు, ఉద్యోగాలు తీసేస్తారన్న భయం. యూనియన్ తరఫున నిలబడ్డ ఆర్ట్ బాబిట్‌ను తీసేశారు. అతనేం మామూలు ఆర్టిస్టు కాదు, గూఫీ అనే కుక్క పాత్రకు నడక నేర్పినవాడు. మరుసటి రోజే, మే 29న, వందలమంది గేటు బయట కూర్చున్నారు.

వాల్ట్ దీన్ని సొంత ఇంట్లో వాళ్ళు ఎదురు తిరిగినట్టు తీసుకున్నాడు. అది కమ్యూనిస్టుల పని అన్నాడు, 1947లో వాషింగ్టన్ వెళ్ళి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు అదే మాట చెప్పాడు. నాకు తోచేదేమిటంటే, కుందేలు ఎవరిదన్న గొడవలో దెబ్బతిన్న మనిషి, పదమూడేళ్ళ తర్వాత "మేం గీసిన దాంట్లో మాకేమిటి" అని తన ఆర్టిస్టులు అడిగితే వినలేకపోయాడు. చివరికి ప్రభుత్వం మధ్యవర్తిత్వం చేస్తే యూనియన్‌ను ఒప్పుకోక తప్పలేదు. మంచి ఆర్టిస్టులు కొందరు వెళ్ళిపోయి వేరే స్టూడియోలు పెట్టారు, అమెరికా కార్టూన్ తీరే మారింది.

కార్టూన్లు తీసుకునే ఆయనకు పార్కు గొడవ ఎందుకొచ్చింది?

కూతుళ్ళను గ్రిఫిత్ పార్కులో రంగులరాట్నం ఎక్కించి, తను బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటుంటే, పెద్దవాళ్ళు కూడా పిల్లలతో కలిసి ఆడుకునే చోటు ఉంటే బాగుండును అనిపించిందని వాల్ట్ చెప్పుకునేవాడు. ఆలోచన అదే కావచ్చు, అసలు కథ డబ్బుది.

స్టూడియోలో వాటాదార్లున్నారు, రాయ్‌కు ఇష్టం లేదు. దాంతో వాల్ట్ 1952లో సొంతంగా వేరే కంపెనీ పెట్టుకున్నాడు, జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. 1953 సెప్టెంబర్‌లో రాయ్ న్యూయార్క్ వెళ్ళి టీవీ వాళ్ళను అడగాలి, చేతిలో చూపించడానికి ఒక్క బొమ్మ లేదు. అప్పుడు హెర్బ్ రైమన్ అనే పాత ఆర్టిస్టును శనివారం పిలిపించి, పక్కన కూర్చుని తను చెప్తుంటే అతను గీస్తూ, సోమవారానికల్లా పార్కు మొత్తం పైనుంచి చూసినట్టు ఒక పెద్ద బొమ్మ తయారుచేశారు. అది పట్టుకుని రాయ్ వెళ్ళాడు.

అప్పటికి టీవీ నెట్‌వర్కుల్లో చిన్నది ఏబీసీ. వాళ్ళు 5 లక్షల డాలర్లు పెట్టి, 45 లక్షల అప్పుకు హామీ ఇచ్చి, పార్కులో మూడో వంతుకు పైగా వాటా తీసుకున్నారు. బదులుగా డిస్నీ కంపెనీ ఏబీసీకి వారం వారం ఒక టీవీ కార్యక్రమం చేసిపెట్టాలి. ఆ కార్యక్రమం పేరు కూడా డిస్నీలాండే! అంటే పార్కు తెరవకముందే దాదాపు తొమ్మిది నెలల పాటు దాని ప్రకటన టీవీలో నడిచింది, పైగా దానికి వీళ్ళకే డబ్బొచ్చింది. మిగతా స్టూడియోలు టీవీని శత్రువులా చూస్తున్న రోజులవి. 1960లో ఏబీసీ వాటాను 75 లక్షలకు కొనేసి పార్కును పూర్తిగా సొంతం చేసుకున్నారు. 1996కు వచ్చేసరికి ఏబీసీనే మొత్తంగా సుమారు 1900 కోట్ల డాలర్లకు కొన్నారు.

డిస్నీలాండ్ మొదటి రోజు అంత ఘోరంగా జరిగిందా?

అనహైమ్‌లో నారింజ తోటలు కొట్టేసి 160 ఎకరాల్లో, ఏడాదిలో, 1 కోటి 70 లక్షల డాలర్లతో కట్టారు. 1955 జూలై 17, ఆదివారం, పిలిచినవాళ్ళకే ప్రవేశం. దొంగ టికెట్లతో జనం దూరారు, లెక్క 28 వేల దాకా పోయింది. ఎండ 38 డిగ్రీలు. కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ళ హై హీల్స్ దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల ఉన్న టైంలో మంచినీళ్ళ కుళాయిలా, మరుగుదొడ్లా అని ఎంచుకోవాల్సి వచ్చి మరుగుదొడ్లే ఎంచుకున్నారు, దాంతో కూల్‌డ్రింకులు అమ్ముకోవడానికే కుళాయిలు పెట్టలేదని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఇదంతా టీవీలో లైవ్. వ్యాఖ్యాతల్లో ఒకరు రొనాల్డ్ రీగన్, ఔను, ఆయనే. కంపెనీలో ఆ రోజును "నల్ల ఆదివారం" అనేవారు.

పెళ్ళి పందిట్లో గొడవలు జరిగితే కాపురం చక్కగా ఉంటుందంటారే, అలా అయింది. రెండు నెలలు తిరక్కుండానే పది లక్షల మంది వచ్చారు.

డిస్నీలాండ్, డిస్నీ వరల్డ్ ఒకటేనా?

కాదు. డిస్నీలాండ్ కాలిఫోర్నియాలో, డిస్నీ వరల్డ్ ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గర. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మన అమ్మానాన్నలు వచ్చి చెప్పేది ఎక్కువగా రెండోదాని గురించే. "అంత దూరం వెళ్ళి ఆ ఎండలో నిలబడాలా, మనూళ్ళో లేదా ఎండ" అన్న మాట కూడా దాని గురించే.

ఫ్లోరిడాలో భూములు దొంగచాటుగా కొన్నారంటారు?

దొంగతనం కాదు, గుట్టుగా కొన్నారు. అనహైమ్‌లో పార్కు కట్టిందొకరు, చుట్టూ మోటళ్ళు, హోటళ్ళు కట్టి సంపాదించింది ఇంకొకరు. ఆ 160 ఎకరాలు దాటితే వాళ్ళ చేతిలో ఏమీ లేదు. ఈసారి అలా కాకూడదని 27 వేల ఎకరాలకు పైగా, అందులో చాలావరకు చిత్తడి నేలలు, ఊరూపేరూ తెలియని కంపెనీల పేర్ల మీద కొన్నారు. సగటున ఎకరం రెండు వందల డాలర్ల లోపే పడింది. రింగ్ రోడ్డు ఎటు వస్తుందో ముందే తెలిసినవాడు కొన్నట్టు. 1965 అక్టోబర్‌లో ఓర్లాండో పత్రిక విలేకరి ఎమిలీ బవార్ ఇది డిస్నీయే అని పట్టేసింది, రేట్లు ఆకాశానికి ఎక్కాయి, నవంబర్‌లో కంపెనీ ఒప్పుకుంది. 1967లో ఫ్లోరిడా ప్రభుత్వం ఆ భూమికి ఒక ప్రత్యేక జిల్లా లాంటిది ఏర్పాటు చేసి రోడ్లు, కాలువలు, నిర్మాణ అనుమతులు దాదాపు కంపెనీ చేతిలోనే పెట్టింది. ఒక ప్రైవేటు కంపెనీకి అంత అధికారమా అన్న గొడవ 2023లో ఆ జిల్లా బోర్డును గవర్నర్ చేతికి తీసుకునేదాకా నడిచింది.

వాల్ట్ అక్కడ కట్టాలనుకున్నది ప్రధానంగా పార్కు కూడా కాదు. ఇరవై వేల మంది నివసించే భవిష్యత్తు నగరం, పేరు ఎప్‌కాట్. 1966 డిసెంబర్ 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. రిటైర్ అవుదామనుకున్న రాయ్ మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. నగరం పక్కన పెట్టి ముందు పార్కు కట్టించాడు. 1971 అక్టోబర్ 1న తెరిచారు. పేరు "డిస్నీ వరల్డ్" అంటే కుదరదు, తమ్ముడి పేరు పూర్తిగా ఉండాలని "వాల్ట్ డిస్నీ వరల్డ్" చేయించాడు. ఆ డిసెంబర్ 20న తనూ వెళ్ళిపోయాడు. ఎప్‌కాట్ పేరుతో 1982లో వచ్చింది ఇంకో పార్కే, అందులో నివసించేవాళ్ళు లేరు.

వాల్ట్ శరీరాన్ని ఫ్రీజర్‌లో దాచారట కదా?

లేదు. రెండు రోజుల తర్వాత దహనం చేశారు.

టోక్యో పార్కు డిస్నీది కాదంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. 1983 ఏప్రిల్ 15న తెరిచిన టోక్యో డిస్నీలాండ్ యజమాని ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. అప్పటికి డిస్నీ ఎప్‌కాట్ ఖర్చులో మునిగి ఉంది, రిస్కు తీసుకునే స్థితిలో లేదు. డబ్బు మీది, బొమ్మలు మావి అన్నారు: టికెట్ల మీద 10 శాతం, తిండి, బొమ్మల అమ్మకాల మీద 5 శాతం. పార్కు విపరీతంగా ఆడింది. లాభమంతా వాళ్ళు తింటున్నారే అని కడుపు మండి, పారిస్ దగ్గర 1992లో కట్టినప్పుడు 49 శాతం వాటా పెట్టారు, హోటళ్ళు కూడా తామే కట్టారు. అక్కడేమో జనం తక్కువ, చలి, అప్పుల మీద వడ్డీలు. భోజనంతో వైన్ తాగే దేశంలో పార్కులో వైన్ ఉండదన్నారు, ఏడాది తిరిగేసరికి దిగొచ్చారు. 1994లో అప్పులు తిరగరాసి, సౌదీ యువరాజు అల్‌వలీద్ పెట్టుబడి తెచ్చి గట్టెక్కించారు.

1984లో కంపెనీ దాదాపు అమ్ముడైపోయిందంటారు?

అన్నదమ్ములిద్దరూ పోయాక కంపెనీ "వాల్ట్ ఉంటే ఏం చేసేవాడు" అనుకుంటూ పదమూడేళ్ళు గడిపేసింది. సినిమాలు చూసేవాళ్ళు తగ్గారు, కానీ భూములు, పాత సినిమాలు బంగారంలా ఉన్నాయి, షేరు ధర చవక. సాల్ స్టైన్‌బర్గ్ అనే ఆయన షేర్లు పోగేసి కంపెనీని కొని ముక్కలుగా అమ్ముతానని బయల్దేరాడు. 32 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి ఆయన షేర్లు వెనక్కి కొని పంపించేశారు. వాల్ట్ అల్లుడు రాన్ మిల్లర్ పదవి పోయింది. రాయ్ కొడుకు పట్టుబట్టి తెచ్చిన మైకేల్ ఐస్నర్, ఫ్రాంక్ వెల్స్ ఆ సెప్టెంబర్‌లో వచ్చారు. మళ్ళీ ఇద్దరు, ఒకరు ఆలోచనలకు, ఒకరు లెక్కలకు. 1994లో వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక ఐస్నర్ కూడా మునుపటిలా నడపలేకపోయాడు. 2004లో వాటాదార్లలో 43 శాతం ఓట్లు ఆయనకు మద్దతివ్వలేదు.

మధ్యలో ఆ పదేళ్ళు మాత్రం అద్భుతం. 1989లో జలకన్య కథ (ది లిటిల్ మెర్మెయిడ్), 1991లో ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి యానిమేషన్ సినిమా (బ్యూటీ అండ్ ద బీస్ట్), 1994లో సింహం కథ (ది లయన్ కింగ్). పాటలే కథ నడపాలని నేర్పింది హోవర్డ్ ఆష్‌మన్ అనే రచయిత. 1991లోనే ఎయిడ్స్‌తో చనిపోయాడు, ఆ ఏటి సినిమా విడుదల కూడా చూడలేదు.

పిక్సార్‌ను అంత డబ్బు పెట్టి ఎందుకు కొన్నారు?

740 కోట్ల డాలర్లు, 2006లో. అప్పుడు డిస్నీ సీఈఓగా ఉన్న బాబ్ ఐగర్ చెప్పిన ముచ్చట ఒకటుంది. 2005లో హాంకాంగ్ పార్కు ప్రారంభోత్సవంలో ఊరేగింపు చూస్తుంటే, గత పదేళ్ళలో పుట్టిన పాత్రల్లో జనం గుర్తుపట్టేవన్నీ పిక్సార్‌వే, తమవి దాదాపు లేవు. పిక్సార్ అనే ఆ కంప్యూటర్ యానిమేషన్ స్టూడియో సినిమాలు డిస్నీ పంపిణీ చేసేది, కానీ కంపెనీలో ప్రధాన వాటా స్టీవ్ జాబ్స్‌ది. కుందేలు పాఠం తిరగబడి ఎదురొచ్చింది. కొనేశారు, జాబ్స్ డిస్నీలో అతిపెద్ద వ్యక్తిగత వాటాదారు అయ్యాడు. తర్వాత అదే దారిలో 2009లో మార్వెల్ 400 కోట్లకు, 2012లో లూకస్‌ఫిల్మ్ 405 కోట్లకు, 2019లో ఫాక్స్ చాలా భాగం 7130 కోట్లకు. అన్నీ డాలర్లే. ఈ కొనుగోళ్ళ వల్ల కంపెనీ పెద్దదైంది. కొత్త బొమ్మ పుట్టించే ఓపిక మాత్రం తగ్గిందని నా ఫిర్యాదు, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇంతకీ ఆ కుందేలు ఏమైంది?

78 ఏళ్ళకు ఇల్లు చేరింది. 2006లో ఏబీసీలో ఆటలకు వ్యాఖ్యానం చెప్పే ఆల్ మైకేల్స్ ఎన్‌బీసీ అనే ఇంకో టీవీ నెట్‌వర్కుకు మారాలనుకున్నాడు. యూనివర్సల్, ఎన్‌బీసీ అప్పటికి ఒకే గూటివి. ఆయన్ని వదిలిపెట్టినందుకు బదులుగా ఐగర్ అడిగినవాటిలో ఓస్వాల్డ్ ఒకటి. మనిషినిచ్చి కుందేలును తెచ్చుకున్నారు.

మిక్కీ హక్కులు పోయాయంటున్నారు, టీ షర్టు మీద వేసి అమ్ముకోవచ్చా?

తొందరపడకండి. అమెరికాలో 1998లో కాపీరైటు గడువు మరో ఇరవై ఏళ్ళు పొడిగించారు, దానికోసం గట్టిగా ప్రయత్నించినవాళ్ళలో డిస్నీ ఒకటి. ఆ గడువూ తీరి 2024 జనవరి 1న స్టీమ్‌బోట్ విల్లీ అందరిదీ అయింది. అది నలుపు తెలుపు, చేతులకు గ్లవ్స్ లేని ఎలుక. బాగా తర్వాతి ఏళ్ళలో వచ్చిన మిక్కీ రూపాలకు ఇంకా కాపీరైటు ఉంది, ట్రేడ్‌మార్క్ వేరే. వ్యాపారం పెట్టేముందు లాయర్‌ను అడగండి, ఈ పేజీని కాదు.

తెలుగువాళ్ళకు ఈ కంపెనీతో సంబంధం ఏమైనా ఉందా?

మీరనుకున్న దానికంటే ఎక్కువే. 90ల్లో ఆదివారం దూరదర్శన్‌లో హిందీ అర్థం కాకపోయినా బాతుల కార్టూన్ చూసిన తరం మాది. 2011 సంక్రాంతికి ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో సిద్ధార్థ్, శ్రుతిహాసన్‌లతో వచ్చిన అనగనగా ఓ ధీరుడు డిస్నీ నిర్మాణంలో భాగమైన తెలుగు సినిమా. 2019 సింహం సినిమాకు తెలుగులో నాని, జగపతిబాబు, బ్రహ్మానందం, అలీ గొంతులిచ్చారు, 2024లో ముఫాసాకు మహేశ్ బాబు ఇచ్చాడు.

అసలు తమాషా వేరే ఉంది. స్టార్ ఇండియా 2015లో మా టీవీని కొంది. స్టార్ ఫాక్స్‌ది. 2019లో ఫాక్స్‌తో పాటు స్టార్ కూడా డిస్నీకి వచ్చేసింది. అంటే మా అమ్మ రోజూ రాత్రి చూసే సీరియల్ ఛానెల్ కొన్నేళ్ళు మిక్కీ మౌస్ కంపెనీదే. ఆ సంగతి చెప్తే "మరి ఆ అత్తగారి పాత్రను కాస్త మార్చమని చెప్పరా" అంది. 2024 నవంబర్‌లో ఆ వ్యాపారం రిలయన్స్‌తో కలిసి జియోస్టార్ అయింది, డిస్నీ వాటా 36.84 శాతం. అమ్మకు ఆ సీరియల్ ఇంకా వస్తూనే ఉంది.

ఇండియాలో డిస్నీ పార్కు ఉందా? మనకు దగ్గర్లో ఏది?

లేదు. ఉన్నవి ఆరు చోట్ల: అనహైమ్, ఓర్లాండో, టోక్యో, పారిస్, హాంకాంగ్, 2016లో తెరిచిన షాంఘై. ఏడోది అబుదాబి యాస్ దీవిలో కడతామని 2025 మేలో ప్రకటించారు. అది వస్తే హైదరాబాద్ నుంచి నాలుగు గంటల విమానం. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళకైతే పక్కూరే. కట్టేది, ఖర్చు పెట్టేది, నడిపేది అక్కడి మిరాల్ కంపెనీ. డిస్నీ డిజైన్ ఇచ్చి, అచ్చం టోక్యోలో లాగే, రాయల్టీ తీసుకుంటుంది.